ఎడమ భుజం

"చిన్నీ, మీ అమ్మనడుగు. ఆ చీటీ మీద అంకెలు ఎవరు వేశారో అడుగు."

"చిన్నీ, మీ నాన్నకి చెప్పు. నేనే వేశానని నిన్నటినించి నాలుగుసార్లు చెప్పాను. ఐదోసారి చెప్పే ఓపిక నాకు లేదని చెప్పు."

అమ్మకీ నాన్నకీ మధ్య ఉన్న దూరం కటింగ్ బల్ల వెడల్పు. బల్ల కొసన కూర్చుని చిన్ని గుండీలు కుడుతోంది. ఇద్దరి చెవులూ బాగానే పనిచేస్తాయి. ఒకరి మాట ఇంకొకరికి అందించాల్సిన అవసరమేమీ లేదు. అయినా తను మధ్యలో ఉండాలి. లేచి వెళ్ళిపోతే ఆ నాలుగు మాటలు కూడా ఆగిపోతాయి.

"దొంగచాటుగా కొలతలు తీసుకొచ్చి నా చేతిలోనే పెట్టిందే! నాకే! ముప్పై ఏళ్ళు ఈ కత్తెర పట్టినవాడికి!"

"కత్తెర పట్టినవాడికి కాక, కూరగాయలవాడికి ఇస్తారా కొలతలు? అడుగు చిన్నీ."

చిన్ని అడగలేదు. సూదికి దారం ఎక్కించుకుంది.

చీటీ ఇంకా బల్ల మీదే ఉంది, దాని మీద ఇస్త్రీపెట్టె బరువుగా పెట్టి. అమ్మ ఏడు అంకె వేస్తే దాని నడుముకి అడ్డంగా ఒక గీత గీస్తుంది. ఆ చీటీలో మూడు ఏడులున్నాయి. మూడింటికీ నడుముల్లో గీతలున్నాయి. నాన్న పదిహేను రోజులు ఆ చీటీ ముందు పెట్టుకుని గౌను కత్తిరించాడు, కుట్టాడు. అంకెలు చూశాడు గాని గీతలు చూడలేదు.

నిన్న డ్రెస్సులావిడ రాకపోతే ఇప్పటికీ చూసేవాడు కాదు. సినిమావాళ్ళ బట్టలన్నీ చూసుకునే మనిషి ఆవిడ. ఆ చీటీ తెచ్చిచ్చిందీ ఆవిడే. మొదటి ట్రయలుకి తీసుకెళ్ళిన గౌను తిరిగి తెచ్చి బల్ల మీద పరిచింది.

"మాస్టారూ, పని చూస్తే దండం పెట్టాలనిపించింది. కింద అంచు మడిస్తే అయిపోయినట్టే. ఒక్కటే అర్థం కాలేదు. ఈ ఎడమ భుజంలో అరంగుళం దూది ప్యాడ్ ఎందుకు పెట్టారు? చీటీలో రాయలేదే. మా ఆర్టిస్టు దాన్ని చేత్తో తడిమి చూసుకుని ఒకటే ఏడుపు. మేకప్ మళ్ళీ వెయ్యాల్సొచ్చింది."

నాన్న, అంటే వీధివాళ్ళ టైలరు మాస్టారు, చీటీలో లేని కుట్టు ఒక్కటీ వెయ్యడు. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. ఆయన గౌను దగ్గరికి లాక్కుని భుజం లోపల వేలు పెట్టి చూశాడు. ప్యాడ్ ఉంది. తనే పెట్టాడు. పెట్టినట్టు గుర్తు లేదు. ఆ అంకెలన్నీ ఒకచోట చేరేసరికి చెయ్యి దానంతటదే పెట్టేసింది.

ఎడమ భుజానికి అరంగుళం ప్యాడ్ పెట్టి ఆయన బట్టలు కుట్టింది లోకంలో ఒక్కరికే.

అప్పుడు చూశాడు, ఏడుల నడుముల్లో గీతలు. గౌను మడత పెట్టాడు. బీరువాలో పెట్టి తాళం వేశాడు. డ్రెస్సులావిడతో, "ఈ పని నావల్ల కాదమ్మా" అన్నాడు. అప్పటినించీ ఇంట్లో మిషను తిరగలేదు.

పక్క కొట్లోంచి ఇస్త్రీ ఆయన తల బయటికి పెట్టాడు. "ఏం మాస్టారూ, మిషనుకి జలుబు చేసిందా? నిన్నటినించీ గొంతే లేదు."

"దానికి కాదు, నాకు చేసింది. నువ్వు నీ పెట్టె మాడకుండా చూసుకో."

ఫోను మోగింది. మాస్టారు దానివైపు చూడలేదు. చిన్ని తీసింది. డ్రెస్సులావిడ గొంతు గది అంతా వినబడేంత గట్టిగా ఉంది.

"అమ్మాయ్, మీ నాన్నకి చెప్పు. రేపు పొద్దున పదింటికి ఆఖరి పాట. ఆ గోడౌను మాకు రేపటివరకే. ఎల్లుండి పొద్దున్నకి సెట్టు పీకేస్తారు. గౌను రాకపోతే నిర్మాతగారు కుట్టించిన నల్లకోటు సిద్ధంగా ఉంది. ఆయన మొదట్నించీ అదే అంటున్నారు, కోటులో తీసేద్దాం, గొడవుండదూ అని. మా డైరెక్టరమ్మ ఇన్నాళ్ళూ ఒంటిచేత్తో ఆపుకొచ్చింది. ఇంక ఆవిడ వల్ల కాదు."

చిన్ని ఫోను పెట్టేసింది. ఆ మాట ఎవరికీ అందించలేదు. విననివాళ్ళు ఎవరూ లేరు మరి.

ఆ సినిమా కథ చిన్నికి తెలుసు. పిన్ని ఇంట్లో అమ్మ రహస్యంగా కొలతలు తీసిన రోజున పిట్టే చెప్పింది. పిట్ట అంటే ఈ ఇంటి పెద్దబిడ్డ. పుట్టినప్పుడు అబ్బాయన్నారు. నిలబడినా కూర్చున్నా పాడుతుంటే నాయనమ్మ పిట్ట అని పిలిచింది. నాన్న మాత్రం "పెద్దోడా" అనేవాడు. మూడేళ్ళ కిందట, తను అబ్బాయిని కానని, ఎప్పుడూ కాలేదని పిట్ట చెప్పిన రోజున, ఆ మాట కూడా మానేశాడు. పిట్ట బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది.

సినిమాలో ఒక మనిషి ఏళ్ళ తరబడి తెర వెనక నిలబడి ఇంకొకళ్ళ కోసం పాడుతుంది. ఆఖరి పాటలో తెర పక్కకి తోసి ముందుకొస్తుంది, తన గొంతుతో, తనకి నచ్చిన బట్టల్లో. అంతే కథ. పాటలే ఎక్కువ. ఆ మనిషి వేషం పిట్టది, పాడేదీ పిట్టే.

"కోటు తొడుక్కుని ముందుకొస్తే ఇంక ముందుకి రావడమెందుకు చిన్నీ? వెనకే నయం" అంది ఆ రోజు, చేతులు చాపి కొలత ఇస్తూ.

*

మధ్యాహ్నం మూడింటికి గుమ్మంలో నీడ పడింది. అమ్మ చొక్కాకి గుండీ కాజా కుడుతున్న సూదిని వేలికి గుచ్చుకుంది.

పిట్ట లోపలికి రాలేదు. చెప్పులు విప్పాలో వద్దో తెలియనట్టు గడప బయట ఆగింది. జుట్టు వెనక్కి కట్టుకుంది. కళ్ళకి కాటుక సన్నగా ఉంది. ఒంటి మీద కొట్లో కొన్న చొక్కా. దాని ఎడమ భుజం కిందికి జారి ముడతలు పడింది.

మాస్టారి చూపు మొట్టమొదట వెళ్ళింది ఆ ముడతల మీదకే. మొహం మీదకి తర్వాతెప్పుడో వచ్చింది.

"ఏరా, దారి గుర్తుందా?"

"దారి ఎప్పుడూ గుర్తుంది నాన్నా. తలుపు సంగతే తెలీలేదు."

"లోపలికి రా ముందు" అంది అమ్మ, నోట్లో వేలు పెట్టుకుని. "ఎండలో నిలబడి ఆ మాటలేంటి? కూర్చో."

"కూర్చోవడానికి రాలేదమ్మా. గౌను కోసం వచ్చాను."

"గౌను!" మాస్టారు బల్ల మీది టేపు తీసి మెళ్ళో వేసుకున్నాడు. మళ్ళీ తీసి బల్ల మీద పెట్టాడు. "చిన్నీ, కుర్చీ వెయ్యి."

చిన్ని కుర్చీ వేసింది. పిట్ట కూర్చోలేదు. కుర్చీ అలా ఖాళీగా నలుగురి మధ్యా ఉండిపోయింది.

"నేనేమన్నా మూర్ఖుణ్ణా?" అన్నాడు మాస్టారు. గొంతు తగ్గించి, బేరం మొదలుపెట్టినట్టు. "నాటకాలవాళ్ళకి ఎన్నేళ్ళు కుట్టలేదు నేను? మీసాలు గీయించుకుని రాణీ వేషాలు కట్టినవాళ్ళకి గౌన్లు కుట్టింది ఎవరు? ఒకడు పోలీసు. ఒకడు బడిలో లెక్కలు చెప్పేవాడు. నడుం బిగించమని నా ప్రాణం తీసేవాడు వాడు. నాటకం అయింది, విప్పారు, హ్యాంగరుకి తగిలించారు, ఇళ్ళకి పోయి పెళ్ళాం పిల్లల్తో భోజనం చేశారు. ఎవడన్నా ఒక్క మాట అన్నాడా? నేనన్నానా?"

"అనలేదు."

"మరి? ఇదీ అదే అని చెప్పు. అంతే నేనడిగేది. ఒక్క ముక్క. 'నాన్నా, ఇది వేషం' అను. సాయంత్రానికల్లా అంచు మడిచి, ఇస్త్రీ చేసి, నా చేతుల్తో నేనే తెచ్చిస్తాను."

అమ్మ మొహం ఒక్కసారి విచ్చుకుంది. గభాలున లేచి పిట్ట చెయ్యి పట్టుకుంది. "అనెయ్యరా. అనెయ్యవే. అబ్బ, అనెయ్యి. ఒక్క ముక్కేగా, నోట్లో ముత్యాలేమన్నా రాలిపోతాయా?"

పిట్ట గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. తర్వాత బీరువా వైపు. తాళంచెవి మాస్టారి జేబులో ఉబ్బెత్తుగా కనబడుతోంది.

చిన్నికి కూడా లోపల్లోపల అనిపించింది, అనేస్తే బాగుండునని. రేపు పదింటికి గౌను ఒంటి మీద ఉంటుంది. తర్వాతి సంగతి తర్వాత. అలా అనిపించినందుకు తన మీద తనకే విసుగొచ్చింది.

"అనడానికి ఎంతసేపమ్మా" అంది పిట్ట చివరికి. "ఇరవైమూడేళ్ళు ఈ ఇంట్లో రోజూ అదేగా అన్నాను."

"అంటే?" అన్నాడు మాస్టారు.

"అంటే, ఏముంది..."

"ఇంట్లో నేను కుట్టిన చొక్కాలు వేషమా? నిన్ను బడికి పంపింది వేషమా? కడుపు మాడ్చుకుని..."

"నాన్నా, చెప్పనీ."

"ఏం చెబుతావ్? మూడేళ్ళ కిందట చెప్పావుగా! ఆ రోజునించి మీ అమ్మ నాతో సరిగ్గా మాట్లాడింది లేదు!"

"చిన్నీ, నన్ను మధ్యలోకి లాగొద్దని చెప్పు మీ నాన్నకి."

"చూశారా?" పిట్ట గొంతు పైకి లేచి, అక్కడే విరిగింది. "సగం మాట రాకముందే 'అంటే' అంటారు. రెండో సగం మీరే చెప్పేస్తారు. నేనీ పాటల సినిమాల వెంట ఎందుకు పడ్డానని అడిగావుగా ఒకప్పుడు? అందుకే. మాటల్లో ఐతే అందరూ అడ్డం వస్తారు. పాట మధ్యలో ఎవడూ అడ్డం రాడు. చరణం పూర్తయ్యేదాకా శత్రువైనా నిలబడి వినాల్సిందే."

"అది సినిమా."

"అవును. అక్కడైనా ఉంది."

ఇస్త్రీ ఆయన గిన్నెతో నీళ్ళకోసం గుమ్మం దాకా వచ్చి, నీళ్ళు అడక్కుండానే వెళ్ళిపోయాడు.

మాస్టారు బల్ల అంచుని గోటితో గీకుతూ ఉన్నాడు. చెక్క మీద పాత సుద్దగీతలు పొడిగా రాలుతున్నాయి.

"ప్యాడ్ చూసి ఏడ్చావట" అన్నాడు.

"ఏడ్చాను."

"ఎందుకు?"

"నా ఊసెత్తని మనిషి చెయ్యి నన్ను మర్చిపోలేదని." కొంచెం ఆగింది. "తర్వాత ఒళ్ళు మండింది. ఎందుకో తెలుసా? ఆ గౌనులో కూడా నా భుజం దాచేశావు."

"దాచక? పడిపోయిన భుజాన్ని పదిమందికీ చూపిస్తారా ఎవరన్నా? కటింగు వంకర అంటారు. నన్నంటారు."

"నిన్నే అంటారులే" అంది అమ్మ. ఈసారి చిన్ని పేరు ఎత్తలేదు. నేరుగా ఆయన మొహంలోకి చూస్తోంది. "ఆ భుజం ఎలా పడిపోయిందో నేను చెప్పనా, మీరు చెబుతారా?"

"చిన్నీ, మీ అమ్మని ఆపమను."

"ఆపను. ఆసుపత్రిలో మెట్ల మీంచి పడ్డాడని రాయించారు. వీధిలో అదే చెప్పుకున్నాం. చిన్నదానికీ అదే చెప్పాం. ఏ మెట్లున్నాయి ఈ ఇంటికి?" అమ్మ బల్లని అరిచేత్తో కొట్టింది. "ఇదే బల్ల. లైనింగు గుడ్డ నడుముకి చుట్టుకుని దీని మీదెక్కి పాడుతూ తిరుగుతోంది. అప్పుడు ఎనిమిదేళ్ళు. నేను ఆ గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాను. మీరు వెనకనించి వచ్చి కేకేశారు. ఆ కేకకి ఉలిక్కిపడి పడ్డాడు. పడ్డది."

చిన్ని చేతిలోని గుండీ కింద పడి, దొర్లుకుంటూ మిషను కిందికి పోయింది. తనకి ఇరవై ఏళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళూ ఆ మెట్లు ఎక్కడుండేవని ఒక్కసారి కూడా అడగలేదు.

మాస్టారు మిషను దగ్గరికి వెళ్ళి స్టూలు మీద కూర్చుని చక్రం మీద చెయ్యి వేశాడు. తిప్పలేదు.

"నీ తప్పు లెక్కపెట్టడానికి రాలేదు నాన్నా" అంది పిట్ట. కోపం దిగిపోయి, వట్టి అలసట మిగిలిన గొంతు. "పదింటికి పాట. ఆ కోటు నేను తొడుక్కోను. గౌను లేకపోతే తెర వెనక నిలబడే పాడేసి వచ్చేస్తాను. సినిమా ఎలా ముగించుకుంటారో వాళ్ళిష్టం."

ఖాళీ కుర్చీని తీసి గోడకి ఆనించి, వెళ్ళిపోయింది. పిట్ట ఇంట్లో ఉన్న రోజుల్లో ఆ కుర్చీ స్థలం అక్కడే.

*

చీకటి పడకముందే చిన్ని ధైర్యం చేసింది.

"తాళంచెవి ఇవ్వు నాన్నా. అంచొక్కటేగా మిగిలింది. నేను మడుస్తాను."

"మనిషిని నిలబెట్టకుండా అంచెలా గుర్తుపెడతావే? ట్రయలు చూడకుండా ఈ షాపులోంచి ఒక్క బట్ట వెళ్ళిందా ఇన్నేళ్ళలో?"

"ఐతే ట్రయలు చూడు."

"ఎవరికి?"

చిన్ని జవాబు కోసం వెతుక్కునే లోపల ఆయన పెద్ద కత్తెర తీసి, సానరాయి మీద నూరడం మొదలుపెట్టాడు. నూరాల్సిన అవసరం లేదు. మొన్ననే నూరాడు. ఆ చప్పుడులో ఇంక ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. బహుశా అందుకే నూరాడు.

పొద్దున్న అమ్మ కేకకి చిన్ని లేచింది.

బీరువా బార్లా తెరిచి ఉంది. గౌను లేదు. టేపు లేదు, సుద్ద లేదు, గుండుసూదుల డబ్బా లేదు. మేకుకి ఉండే పెద్ద కత్తెర కూడా లేదు.

"కత్తెర ఎందుకే?" అంది అమ్మ. "ఒళ్ళు తెలియని కోపంలో ఆ మనిషి చేతిలో కత్తెర ఉండకూడదు. ఒకసారి ఒక షావుకారు మాట తూలాడని, వాడి ఎదుటే వాడి కోటు గుడ్డని రెండు ముక్కలు చేసి మీదకి విసిరాడు. ఖరీదైన గుడ్డ! నేనే అన్నాను నిన్న. నోరు మూసుకోక, ఆ భుజం సంగతి..."

"అమ్మా, ఎప్పుడెళ్ళాడు?"

"తెలీదే. టీ కూడా తాగలేదు."

చిన్ని మొహం కడుక్కోకుండానే బయటపడింది. మొదటి బస్సులో చోటు దొరకలేదు. రెండోది దారిలో రెండుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ కిటికీలోంచి చెత్తకుండీల వైపు చూసింది, ఇటుకరంగు గౌను ముక్కలు ఎక్కడైనా కనబడతాయేమోనని. అలా చూడటం సిగ్గుగా అనిపించింది. అయినా చూసింది.

గోడౌను గేటు దగ్గరికి వెళ్ళేసరికి పదికి ఇరవై నిమిషాలుంది.

నాన్న అక్కడున్నాడు, ఎప్పటినించో తెలీదు. తెల్లదుప్పటిలో చుట్టిన గౌను నేలకి తగలకుండా రెండు చేతుల మీద పరుచుకుని నిలబడ్డాడు. మడత పడితే ముడతలొస్తాయి కదా. బస్సులో ఇలాగే పట్టుకొచ్చి ఉంటాడు. సంచి భుజానికి వేలాడుతోంది. సంచి చిల్లులోంచి కత్తెర మొన బయటికొచ్చింది.

చిన్ని పలకరించకుండా వెనకే ఆగింది.

వాచ్‌మన్ పుస్తకం ముందు పెట్టుకుని ఉన్నాడు. "ఎవరు కావాలన్నారు?"

"లోపల... పాట పాడే మనిషి."

"పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు కలిపి నలభై మందున్నారు. పేరు?"

"ఆఖరి పాట."

"ఓ, పిట్టగారా! ముందే చెప్పొచ్చుగా. ఆవిడ ఏడింటికే వచ్చేశారు. ఆవిడకి మీరేమవుతారు? ఇక్కడ రాయాలి."

మాస్టారి వీపు మాత్రమే చిన్నికి కనబడుతోంది. ఆ వీపు కదల్లేదు. వెనక ఒక బండి హారను కొట్టింది. వాచ్‌మన్ కలం కాగితం మీద ఆనించి ఆగాడు.

"టైలర్ని" అన్నాడు మాస్టారు.

"అలా చెప్పరేం! టైలర్లకి రాతకోతలేం లేవు, పొండి పొండి. మీకోసమే లోపల తలలు పట్టుకుంటున్నారు."

గేటు తెరుచుకుంది. చిన్ని వెంట పరుగెత్తి, "టైలరుగారి మనిషిని" అంది. నాన్న వెనక్కి తిరిగి చూశాడు. పొమ్మనలేదు, రమ్మనలేదు.

మేకప్ గదిలో అద్దం చుట్టూ దీపాలు వెలుగుతున్నాయి. కుర్చీ వెనక నల్లకోటు వేలాడుతోంది. డైరెక్టరమ్మ, డ్రెస్సులావిడ ఏదో గట్టిగా వాదించుకుంటున్నవాళ్ళు ఆగిపోయారు. అద్దంలో పిట్ట కళ్ళు పెద్దవయ్యాయి.

మాస్టారు మొదట చూసింది కోటుని.

"ఎవడు కుట్టాడు దీన్ని? చంకలో మూట దాచుకున్నట్టుంది."

డ్రెస్సులావిడ ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. పిట్ట లేచి నిలబడింది. "నాన్నా..."

"ట్రయలు చూడాలి" అన్నాడు మాస్టారు డ్రెస్సులావిడతో. "అంచు గుర్తుపెట్టాలి. ఆర్టిస్టుని వేసుకుని రమ్మనండి."

ఆర్టిస్టు అన్న మాటకి పిట్ట మొహం మాడిపోయింది. గౌను తీసుకుని తెర చాటుకి వెళ్ళింది. వేసుకుని తిరిగొచ్చింది. ఇటుకరంగు గుడ్డ నడుం దగ్గర చేత్తో పట్టినట్టు ఆగి, అక్కణ్ణించి ఒక్కసారిగా విడిపోయి నేల దాకా పారింది. చిన్ని ఆ గౌనుని బల్ల మీద వందసార్లు చూసింది. అది ఇలా ఉంటుందని తెలీదు.

మాస్టారు చూపు ఎత్తలేదు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నోట్లో సూదులున్న మనిషిని ఎవరూ మాట్లాడమనలేరు. అంచు మడుస్తూ, ఒక్కొక్క సూదీ గుచ్చుతూ, మోకాళ్ళ మీదే చుట్టూ తిరిగాడు.

"తిన్నగా నిలబడండి" అన్నాడు సూదుల మధ్యనించి. తర్వాత, "చెయ్యి ఎత్తండి."

కన్నకూతురికో కొడుకుకో కాదు, దారినపోయే మనిషికి చెప్పినట్టు. పిట్ట చెయ్యి ఎత్తింది.

"సూదులతోనే పర్లేదు, కెమెరాకి కనబడవు" అంది డైరెక్టరమ్మ. "ఇంక ఐదు నిమిషాలు. నేను సెట్లో ఉంటా." డ్రెస్సులావిడని కూడా లాక్కుని వెళ్ళిపోయింది.

ముగ్గురే మిగిలారు.

"టైలరు గారూ" అంది పిట్ట.

సూది గుచ్చుతున్న చెయ్యి ఆగింది.

"ఎడమ భుజంలో ప్యాడ్ తీసెయ్యండి."

మాస్టారు నోట్లోంచి మిగిలిన సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. బల్ల పట్టుకుని లేచాడు.

"తీస్తే భుజం పడిపోయి కనబడుతుందండీ. తెర మీద ఇంతకి ఇంత కనబడుతుంది. కుట్టినవాణ్ణి తిడతారు."

"తిట్టనీండి. రేపు మా నాన్న ఈ సినిమా చూస్తే, ఆ పాడుతున్నది ఎవరో ఆయనకి తెలియాలి."

బయట వాద్యాలు మొదలయ్యాయి, సరి చూసుకోవడానికి. గోడలకున్న రేకులు అదిరాయి. చిన్ని గుమ్మం పట్టుకుంది.

మాస్టారు జేబులోంచి బ్లేడు తీశాడు. బొటనవేలితో భుజం కుట్టు వెతికాడు. వెతకాల్సిన పని లేదు, తను వేసిన కుట్టే. ప్యాడ్ మీద ఆ వేలు కాసేపు అలాగే ఉండిపోయింది. ఇప్పుడాయన మొహం పిట్ట మొహానికి జానెడు దూరంలో ఉంది. వచ్చినప్పటినించీ మొదటిసారి తలెత్తి ఆ కళ్ళలోకి చూశాడు.

"మీ నాన్న చూస్తాడని మీకెవరు చెప్పారండీ?" అన్నాడు.

పిట్ట రెప్ప వెయ్యలేదు. ఎడమ భుజాన్ని కొంచెం ముందుకి తెచ్చింది.

బ్లేడు మొన దారం మీద ఆనింది. తెంపలేదు. పక్కకి తియ్యనూ లేదు.

బయట వాద్యాలు గొంతు ఎత్తుకోవలసిన చోటుదాకా వచ్చి, ఎవరూ ఎత్తుకోకపోయేసరికి ఆగి, మళ్ళీ మొదటినించి మొదలయ్యాయి.